"జ్వరం తగ్గింది గానీ పిలకాయ మనిషిలో పడలేదు" – ఈ మాట వినగానే కదలండి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల వైద్య ఆరోగ్య శాఖాధికారులకు, పీహెచ్‌సీ, సీహెచ్‌సీ డాక్టర్లకు, స్టాఫ్ నర్సులకు, ఏఎన్‌ఎం, ఆశా అక్కచెల్లెళ్ళకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

ఓపీకి వచ్చే తల్లులు తరచూ అనే మాట ఒకటుంది. "జ్వరం తగ్గింది సార్, గానీ పిలకాయ ఇంకా మనిషిలో పడలేదు." దానికి మనం చెప్పే జవాబు కూడా ఒకటే: "నీరసం అమ్మా, రెండు రోజుల్లో సర్దుకుంటాడు." చాలాసార్లు ఆ జవాబు సరైనదే. అది తప్పయిన కొద్దిసార్లు మాత్రం ఆ తల్లి చెబుతున్నది నీరసం గురించి కాదు, బిడ్డ మెదడు గురించి. వైరస్ జ్వరం వచ్చిన పసిపిల్లల్లో చాలా కొద్దిమందికి మెదడు దెబ్బతింటుంది. కొందరికి జ్వరంతో పాటే, కొందరికి జ్వరం పోయిన కొద్ది రోజులకో వారాలకో, తట్టు వచ్చిపోయిన పిల్లల్లో కొందరికి ఏళ్ళు గడిచాక. ఇవన్నీ అరుదైన జబ్బులే. ఒక పీహెచ్‌సీ డాక్టరు తన సర్వీసంతటిలో రెండు మూడు చూస్తారేమో. ఆ రెండు మూడింటిలో బిడ్డ మళ్ళీ మాట్లాడతాడా, నడుస్తాడా అన్నది ముందు గంటల్లో మనం చేసిన పనిని బట్టే ఉంటుంది. అందుకే ఈ లేఖ.

"మనిషిలో పడలేదు" అంటే ఏమిటో విడమరిచి అడిగితే తల్లే అంతా చెబుతుంది. పారాసిటమాల్ పనిచేసి ఒళ్ళు చల్లబడ్డాక లేచి కూర్చుంటున్నాడా, బొమ్మ అందుకుంటున్నాడా అన్నది మొదట అడగండి. మామూలు వైరస్ జ్వరంలో వేడి దిగిన ఆ రెండు మూడు గంటలూ పిలకాయ ఆడుకుంటాడు. ఒళ్ళు చల్లగా ఉన్నా మగతగానే పడి ఉంటే ఆ మగతకు కారణం జ్వరం కాదు. అమ్మను గుర్తుపడుతున్నాడా? మొన్నటి దాకా వచ్చిన మాటలు ఇవాళ వస్తున్నాయా? నడక తూలుతోందా? ఒక పక్క చెయ్యి వాడటం మానేశాడా? కారణం లేకుండా నవ్వుతున్నాడా, కేకలు పెడుతున్నాడా, లేనిదేదో చూసినట్టు జడుసుకుంటున్నాడా? ఆగకుండా వాంతులు అవుతున్నాయా? "గాలి సోకింది" అనుకుని తాయెత్తు కట్టించడానికి తీసుకుపోయేది సరిగ్గా ఈ లక్షణాలకే. తాయెత్తు కట్టించిన తల్లిని కసరకండి. కట్టించుకునే రమ్మనండి, కాకపోతే ఈ పూటే రమ్మనండి.

ఫిట్స్ విషయంలోనూ ఇలాంటి తేడా ఒకటి తెలిసి ఉండాలి. ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లల్లో జ్వరం ఫిట్స్ మామూలే. నూటికి ఇద్దరి నుంచి అయిదుగురికి వస్తాయి. ఆ ఫిట్స్ ఒళ్ళంతటికీ వస్తాయి, కొద్ది నిమిషాల్లో ఆగిపోతాయి, గంటలోపు బిడ్డ కళ్ళు తెరిచి అమ్మను వెతుక్కుంటాడు. ఒకే పక్క వచ్చినా, 15 నిమిషాలు దాటినా, ఒకే రోజు రెండోసారి వచ్చినా, ఆగిన గంటకు కూడా తెలివి రాకపోయినా దాన్ని జ్వరం ఫిట్స్ అని రాయకండి.

ఇక పీహెచ్‌సీలో మొదటి గంట. లెక్కలు తేలిగ్గా ఉండటానికి రెండేళ్ళ వయసు, 12 కిలోల బరువు ఉన్న పిలకాయను అనుకుందాం. తూకం వేసే వీలు లేనప్పుడు ఒకటి నుంచి అయిదేళ్ళ పిల్లలకు వయసును రెట్టింపు చేసి 8 కలిపితే బరువు ఉజ్జాయింపుగా వస్తుంది.

ఫిట్స్ వస్తుంటే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో నురగ తుడవాలి, ఆక్సిజన్ పెట్టాలి. నోట్లో స్పూన్ దూర్చకూడదు, నీళ్ళు పొయ్యకూడదు. తాళాల గుత్తి చేతిలో పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వల్ల ఫిట్స్ ఆగవు, సమయం మాత్రం పోతుంది. అయిదు నిమిషాలకు ఆగకపోతే మందు వెయ్యాలి. సూది కోసం నరం వెతుకుతూ కూర్చోకుండా ముక్కులో మిడజోలమ్ స్ప్రే కొట్టవచ్చు. కిలోకు 0.2 మిల్లీగ్రాముల చొప్పున 12 కిలోలకు 2.4 మిల్లీగ్రాములు. ఒక్క స్ప్రేకి 0.5 మిల్లీగ్రాములు పడే సీసా అయితే అయిదు స్ప్రేలు, రెండు ముక్కు రంధ్రాలకూ పంచి. స్ప్రేకి 1.25 మిల్లీగ్రాములు పడే సీసాలు కూడా బజారులో ఉన్నాయి, కనుక ప్రతిసారీ లేబుల్ చదవాలి. కొత్త సీసా అయితే ముందు గాలిలోకి కొట్టి మందు వస్తోందని చూసుకోవాలి. నరం దొరికి ఉంటే లోరాజెపామ్ కిలోకు 0.1 మిల్లీగ్రాము. డయాజెపామ్ మాత్రమే ఉంటే నరంలోకి నెమ్మదిగా కిలోకు 0.2 నుంచి 0.3 మిల్లీగ్రాములు, లేదా మలద్వారం ద్వారా కిలోకు 0.5 మిల్లీగ్రాములు. దాన్ని కండకు మాత్రం పొడవకండి. కండలో అది ఎప్పుడు ఎంత ఒంటబడుతుందో చెప్పలేం. మందు పనిచేయలేదని మళ్ళీ పొడుస్తారు, అరగంటకు రెండు డోసులూ ఒక్కసారే ఎక్కి ఊపిరి ఆగుతుంది. ఏ దారిన ఇచ్చినా ఈ జాతి మందులు రెండు డోసులు దాటకూడదు. అప్పటికీ ఆగకపోతే లెవెటిరాసెటమ్ కిలోకు 40 మిల్లీగ్రాములు, అంటే ఈ పిలకాయకు దాదాపు ఒక 500 మిల్లీగ్రాముల వయల్, సెలైన్‌లో కలిపి 10, 15 నిమిషాల్లో. ఫినైటాయిన్ ఇస్తే కిలోకు 20 మిల్లీగ్రాములు, 20 నిమిషాలకు తక్కువ కాకుండా, ఉప్పు సెలైన్‌లో మాత్రమే. గ్లూకోజ్ బాటిల్‌లో కలిపితే మందు గడ్డకట్టి గొట్టంలోనే పేరుకుంటుంది.

మగతగా ఉన్న ప్రతి బిడ్డకూ, ఫిట్స్ ఉన్నా లేకున్నా, వేలి కొసన చక్కెర చూడాలి. రెండు రోజులుగా తినని పసిబిడ్డకు చక్కెర పడిపోవడం కొత్త సంగతి కాదు, దాన్ని సరిచేయడానికి పెద్దాసుపత్రి అక్కర్లేదు. తక్కువగా ఉంటే 10 శాతం డెక్స్‌ట్రోజ్ కిలోకు 5 ఎంఎల్. 10 శాతం బాటిల్ స్టాకులో లేకపోతే 5 శాతం మూడు పాళ్ళు, 25 శాతం ఒక పాలు కలిపితే 10 శాతం అవుతుంది. మన 12 కిలోల పిలకాయకు 45 ఎంఎల్‌కు 15 ఎంఎల్ కలిపి మొత్తం 60 ఎంఎల్. 25 శాతాన్ని నేరుగా చిన్న నరంలోకి ఎక్కిస్తే నరం కాలిపోతుంది. పావుగంట తర్వాత చక్కెర మళ్ళీ చూడాలి.

ఇప్పుడు చెప్పబోయేది మన ప్రాంతంలో మరీ ముఖ్యం. జ్వరం వచ్చిన బిడ్డకు "గ్లూకోజ్ పెట్టించాం" అన్నది ఇక్కడ వైద్యానికి మారుపేరు. మెదడు వాచిన బిడ్డకు ఆ బాటిలే ప్రమాదం. మెదడు దెబ్బతిన్నప్పుడు ఒళ్ళు నీటిని పట్టి ఉంచుకుంటుంది, మూత్రం తగ్గుతుంది, రక్తంలో సోడియం పలచబడుతుంది. ఆ మీద 5 శాతం గ్లూకోజ్ గానీ, ఐసోలైట్-పి లాంటి ఉప్పు తక్కువ ద్రవాలు గానీ ఎక్కిస్తే చక్కెర ఒంట్లో ఖర్చయిపోయి మిగిలిన నీరు మెదడులోకి పోతుంది. వాపు పెరుగుతుంది, ఫిట్స్ మళ్ళీ వస్తాయి. ఎక్కించాల్సింది డీఎన్‌ఎస్, అంటే 5 శాతం డెక్స్‌ట్రోజ్ కలిసిన 0.9 శాతం ఉప్పు సెలైన్. ఈ పిలకాయకు రోజుకు 1100 ఎంఎల్, గంటకు సుమారు 45 ఎంఎల్. మైక్రోడ్రిప్ సెట్‌లో గంటకు ఎన్ని ఎంఎల్ పోవాలో నిమిషానికి అన్ని చుక్కలు వేస్తే సరి, 45 చుక్కలు. ఎంఎల్‌కు 20 చుక్కలు పడే పెద్దల సెట్ తగిలిస్తే 15 చుక్కలే. సెట్ మారిందని చూసుకోకుండా అవే 45 చుక్కలు వేస్తే మూడింతలు ఎక్కుతుంది. చేతులు కాళ్ళు చల్లబడి నాడి అందకపోతే అది వేరే లెక్క. అప్పుడు ఉప్పు సెలైన్ కిలోకు 10 నుంచి 20 ఎంఎల్ ముందు ఇవ్వాలి.

తల 30 డిగ్రీలు ఎత్తి, మెడ తిన్నగా ఉంచాలి. మెడ పక్కకు వాలితే తల నుంచి రక్తం దిగే నరం నొక్కుకుపోతుంది. కనుపాపలు ఒకటి పెద్దది ఒకటి చిన్నది అయినా, చేతులు కాళ్ళు కొయ్యబారినా, గుండె వేగం పడిపోతూ బీపీ పెరుగుతున్నా మెదడులో ఒత్తిడి ప్రమాదస్థాయికి చేరిందని అర్థం. 3 శాతం సెలైన్ కిలోకు 5 ఎంఎల్, అంటే 60 ఎంఎల్, పావుగంట నుంచి ఇరవై నిమిషాల్లో. అది లేకపోతే 20 శాతం మానిటాల్ కిలోకు 2.5 ఎంఎల్, అంటే 30 ఎంఎల్. మానిటాల్ సీసాలో స్ఫటికాలు తేలుతుంటే వాడకండి, షాక్‌లో ఉన్న బిడ్డకు అసలు వద్దు.

బ్యాక్టీరియా వల్ల వచ్చే చీము మెదడువాపు (మెనింజైటిస్) కాదని పీహెచ్‌సీలో ఎవరూ తేల్చలేరు. అందువల్ల బయల్దేరే ముందే సెఫ్ట్రియాక్సోన్ మొదటి డోసు నరంలోకి పడాలి. ఈ బిడ్డకు 1 గ్రాము. పెద్దాసుపత్రిలో పరీక్షకు నడుము నుంచి వెన్ను నీరు తీసేదాకా ఆగుదాం అనుకోవద్దు, ఆ నీరు తీయడానికి కొన్నిసార్లు మరునాటి దాకా వీలుకాదు. ఎసైక్లోవిర్ ఉన్న చోట అదీ మొదలుపెట్టాలి. హెర్పిస్ మెదడువాపుకు నేరుగా పనిచేసే మందు అది. ఆలస్యమయ్యే ప్రతి రోజూ బిడ్డ జ్ఞాపకశక్తిలోంచి కొంత పోతుంది. మూడు నెలలు దాటిన పిల్లలకు కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు ఎనిమిది గంటలకొకసారి. 180 మిల్లీగ్రాములైతే 40 ఎంఎల్ సెలైన్‌లో కలిపి గంటసేపు ఎక్కించాలి. గబగబా పోస్తే మందు మూత్రపిండాల్లో స్ఫటికాలుగా పేరుకుంటుంది.

ఊళ్ళో వైద్యం చేసే ఆర్‌ఎంపీలకూ, మెడికల్ షాపుల వారికీ ఇక్కడే ఒక మాట, పోట్లాటగా కాదు, వేడుకోలుగా. పిల్లల జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే చాలు. ఫ్లూ, ఆటలమ్మ వచ్చిన బిడ్డకు ఆస్పిరిన్ ఇస్తే కాలేయం, మెదడు రెండూ ఒక్కసారే దెబ్బతినే రైస్ సిండ్రోమ్ రావచ్చు. అమెరికాలో 1980ల్లో ఈ హెచ్చరిక వెలువడి పిల్లలకు ఆస్పిరిన్ మానేశాక ఆ జబ్బు దాదాపు కనుమరుగైంది. 12 ఏళ్ళ లోపు పిల్లలకు నిమెసులైడ్‌ను మన దేశం 2011లోనే నిషేధించింది. ఫ్లూతో మెదడు దెబ్బతిన్న పిల్లల్లో డైక్లోఫెనాక్, మెఫనమిక్ యాసిడ్ వాడిన వారి పరిస్థితి మరింత విషమించిందని జపాన్ వైద్యులు గమనించి, అక్కడ ఫ్లూ పిల్లలకు వాటిని ఆపేశారు. డైక్లోఫెనాక్ సూది, దానితో పాటు ఒక డెక్సా (స్టెరాయిడ్) సూది వేస్తే జ్వరం ఆ సాయంత్రానికి దిగుతుంది, నిజమే. దిగింది వేడి ఒక్కటే. లోపల జరిగేది కనబడకుండా పోతుంది, తర్వాత చూసే డాక్టరు దారి తప్పుతాడు.

పారాసిటమాల్‌కూ లెక్క ఉంది. కిలోకు 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకొకసారి. 12 కిలోలకు 180 మిల్లీగ్రాములు. అయిదు ఎంఎల్‌లో 125 ఉన్న సిరప్ అయితే 7 ఎంఎల్, 250 ఉన్న సిరప్ అయితే 3.5 ఎంఎల్, ఎంఎల్‌కు 100 ఉన్న డ్రాప్స్ అయితే 1.8 ఎంఎల్. మూడూ తియ్యగా, చూడటానికి దాదాపు ఒకేలా ఉంటాయి. ఎక్కువగా జరిగే పొరపాటు ఏమిటంటే సిరప్ అలవాటైన చేత్తో డ్రాప్స్‌ను 7 ఎంఎల్ పొయ్యడం. అలా రెండు రోజులు పడితే కాలేయం పాడై వాంతులు, మగత వస్తాయి. అదీ మెదడు జబ్బులాగే కనబడుతుంది. కాబట్టి వచ్చిన తల్లిని సీసా కూడా తెమ్మనాలి.

ఇక ఏ జబ్బు ఎప్పుడు వస్తుందో చెబుతాం, ఎందుకంటే గడియారమే ఇక్కడ సగం రోగనిర్ధారణ.

అన్నిటికంటే వేగమైనది అక్యూట్ నెక్రొటైజింగ్ ఎన్‌కెఫలోపతి, అంటే మెదడు భాగాలు ఉన్నట్టుండి చచ్చిపోయే జబ్బు. 1995లో జపాన్‌లో మిజుగుచి బృందం దీన్ని ప్రత్యేక జబ్బుగా వర్ణించింది. ఫ్లూ, హెచ్‌హెచ్‌వీ-6 (హెర్పిస్ జాతి) వైరస్‌ల వెనక ఎక్కువగా వస్తుంది, డెంగీ తర్వాత కూడా చూశారు. జ్వరం మొదలైన ఒకటి నుంచి మూడు రోజుల్లోనే ఫిట్స్, కోమా. ఇందులో వైరస్ మెదడులోకి దూరి చేసే నష్టం కంటే, వైరస్ మీద ఒళ్ళు కట్టలు తెంచుకుని చేసే యుద్ధం వల్ల జరిగే నష్టమే ఎక్కువ. రక్తనాళాలు కారి, మెదడు నడిమధ్యన ఉండే థాలమస్‌లు రెండూ ఒకేలా దెబ్బతింటాయి. స్కానింగ్‌లో రెండు పక్కలా అద్దంలో చూసినట్టు కనబడుతుంది. నడుము నీటిలో ప్రొటీన్ పెరుగుతుంది, కణాలు మాత్రం పెరగవు. కణాలు లేవు కనుక మెదడువాపు కాదని రాసెయ్యకండి. కాలేయం ఎంజైములు పెరిగినా అమోనియా మామూలుగా ఉంటే రైస్ సిండ్రోమ్ కంటే దీన్నే ముందు అనుకోవాలి. మెదడు కాండం దెబ్బతినని పిల్లల్లో 24 గంటల్లోపు స్టెరాయిడ్ పడితే ఫలితం మెరుగని తేలింది. మిథైల్ ప్రెడ్నిసొలోన్ కిలోకు 30 మిల్లీగ్రాములు, రోజుకొకసారి, మూడు నుంచి అయిదు రోజులు. ఉదయగిరి, సీతారామపురం కొండ ఊళ్ళ నుంచి నెల్లూరుకో, యర్రగొండపాలెం, పుల్లలచెరువు నుంచి ఒంగోలుకో చేరాలంటే గంటలు పడుతుంది. మధ్యలో రెండు ఆసుపత్రులు తిరిగితే ఆ 24 గంటలు దారిలోనే కరిగిపోతాయి. ఒకే ఇంట్లో ఇద్దరికి వచ్చినా, ఒకే బిడ్డకు రెండోసారి వచ్చినా ర్యాన్‌బీపీ2 అనే జన్యువు పరీక్ష చేయించాలి. అలాంటి కుటుంబాల పిల్లలకు ఏటా ఫ్లూ టీకా తప్పనిసరి.

ఫ్లూ అనుమానం ఉన్న కాలంలో, మగతగా ఉన్న బిడ్డకు పరీక్ష ఫలితం కోసం ఆగకుండా ఓసెల్టామివిర్ మొదలుపెట్టండి. 15 కిలోల లోపు పిల్లలకు, ఏడాది నిండితే, 30 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, అయిదు రోజులు.

గంటల విలువ మన రాష్ట్రానికి తెలియనిది కాదు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు మెదడువాపు వచ్చి 183 మంది చనిపోయారు. కారణం ఇసుక ఈగ మోసుకొచ్చే చండీపురా వైరస్ అని తేలింది. చాలామంది ఆసుపత్రికి చేరిన ఒకటి రెండు రోజుల్లోనే పోయారు.

రెండో రకం మోసకారి. మొదటి రోజు జ్వరంతో పాటు చాలాసేపు ఫిట్స్ వస్తాయి. ఆగుతాయి, బిడ్డ తేరుకుంటాడు, స్కానింగ్ నార్మల్ అంటారు. డిశ్చార్జ్ చేస్తారు. నాలుగో రోజుకో ఆరో రోజుకో చిన్న చిన్న ఫిట్స్ గుంపుగా మళ్ళీ వస్తాయి, తెలివి తగ్గుతుంది. అప్పుడు తీసిన ఎమ్మారైలో మెదడు తెల్లపదార్థం ఆకురాలిన చెట్టు కొమ్మల్లా మెరుస్తుంది. వైద్యులు దీన్ని రెండు విడతల ఫిట్స్ ఎన్‌కెఫలోపతి అంటారు. హెచ్‌హెచ్‌వీ-6 వల్ల వచ్చే చిన్నపిల్లల జ్వరం, అంటే మూడు నాలుగు రోజులు కాసి దిగాక ఒంటి మీద ఎర్ర పొక్కులు పోసే జ్వరం, దీని వెనక తరచూ ఉంటుంది. అందుకే అరగంట దాటి ఫిట్స్ వచ్చిన ఏడాది రెండేళ్ళ పిల్లలను ఒక్క రోజులో ఇంటికి పంపకండి. పంపితే వారం పాటు ఆశా కార్యకర్త రోజూ ఇంటికి వెళ్ళి చూడాలి. మొదటి రోజు ఎమ్మారై నార్మల్ అంటే ఆ రోజుకు నార్మల్ అని మాత్రమే.

వారాల తర్వాత వచ్చేవాటిలో ముఖ్యమైనది ఏడెమ్ (అక్యూట్ డిస్సెమినేటెడ్ ఎన్‌కెఫలోమైలైటిస్). జలుబో, విరేచనాలో, ఆటలమ్మో తగ్గిన రెండు రోజుల నుంచి నాలుగు వారాల లోపు, రోగనిరోధక వ్యవస్థ పొరబడి సొంత మెదడు నరాల పొరనే కొరుకుతుంది. మగత, నడక తప్పడం, ఒక పక్క చచ్చుబడటం, చూపు మందగించడం, మూత్రం ఆగిపోవడం, వీటిలో కొన్ని కలిసి వస్తాయి. పాతకాలం వారికి ఇది మరో రూపంలో తెలుసు. గొర్రె మెదడుతో చేసిన పాత కుక్కకాటు టీకా, బొడ్డు చుట్టూ వేసేవారే, దాని తర్వాత కొందరికి వచ్చిన జబ్బు ఇలాంటిదే. ఆ టీకాను దేశం 2004లో ఆపేసింది. ఏడెమ్‌లో సంతోషించాల్సిన విషయం ఏమిటంటే వేళకు స్టెరాయిడ్ పడితే ఎక్కువమంది పిల్లలు బాగా కోలుకుంటారు. సీటీ స్కాన్‌లో ఇది తరచూ కనబడదు, ఎమ్మారై కావాలి. "సీటీ నార్మల్" అన్న కాగితంతో నడవలేని బిడ్డను ఇంటికి పంపడమే ఇందులో జరిగే పెద్ద పొరపాటు. రెండోది, ఇంటికి వెళ్ళాక తల్లిదండ్రులు మాత్రలు ఆపేయడం. స్టెరాయిడ్ మాత్రలను నాలుగు నుంచి ఆరు వారాల్లో మెల్లగా తగ్గించాలి. పిలకాయ పరుగెత్తుతున్నాడు కదా అని పదో రోజే ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు. తగ్గింపు కాగితం తెలుగులో, తారీఖులతో రాసి ఏఎన్‌ఎం దగ్గర ఒక నకలు ఉంచండి. తిరగబెట్టిన పిల్లలకు నరాల పొర మీద దాడి చేసే మాగ్ యాంటీబాడీ పరీక్ష చేయించాలి.

ఆటలమ్మ తగ్గాక తూలుతూ నడిచే బిడ్డ, తెలివి బాగుండి, ఆడుకుంటూ ఉంటే, చిన్నమెదడు వాపు కావచ్చు. అది చాలావరకు వారాల్లో దానంతటదే తగ్గుతుంది. ఇంట్లో నిద్రమాత్రలో ఫిట్స్ మాత్రలో మింగాడేమో ఆరా తీయడం మరవద్దు. తూలుడుతో పాటు కళ్ళు నాట్యమాడినట్టు అన్ని దిక్కులకూ ఎగురుతుంటే మాత్రం పొట్ట, ఛాతీ స్కానింగ్ చేయించాలి. అలాంటి పిల్లల్లో చాలామందికి లోపల న్యూరోబ్లాస్టోమా అనే గడ్డ దాగి ఉంటుంది.

హెర్పిస్ మెదడువాపు తగ్గి ఇంటికి వెళ్ళిన బిడ్డ రెండు నుంచి ఆరు వారాల్లో మళ్ళీ నిద్రపోకుండా, చేతులు నోరు మెలికలు తిప్పుతూ వస్తే వైరస్ తిరగబెట్టిందని మాత్రమే అనుకోకండి. హెర్పిస్ మెదడువాపు వచ్చిన నలుగురిలో ఒకరికి ఈ దశలో సొంత యాంటీబాడీలే మెదడును పట్టి పీడిస్తాయి. దానికి స్టెరాయిడ్, ఇమ్యునోగ్లోబులిన్ కావాలి. దీన్ని మానసిక జబ్బని, గాలి అని వదిలేస్తే నెలలు పోతాయి.

ఇక ఏళ్ళ తర్వాత వచ్చేది ఎస్ఎస్‌పీఈ, తట్టు వైరస్ మెదడును మెల్లగా తినేసే జబ్బు. దీనికి మందు లేదు, అందుకే దీని గురించి గట్టిగా చెబుతున్నాం. రెండేళ్ళ లోపు తట్టు వచ్చిపోయిన బిడ్డలో ఆ వైరస్ మెదడులో నక్కి, తరచూ ఆరు నుంచి పదేళ్ళ తర్వాత లేస్తుంది. బాగా చదివే పిల్ల మార్కులు పడిపోతాయి, రాత చెదురుతుంది, ఉన్నట్టుండి తల వాలిపోతుంది, కొన్ని క్షణాలకొకసారి లెక్కపెట్టినట్టు ఒళ్ళు ఉలిక్కిపడుతుంది. నడుస్తూ పడిపోతుంది. టీచర్లు నిర్లక్ష్యం అనుకుంటారు. ఈఈజీలో ఆ ఉలికిపాటుకు సరిపడే అలలు వరుసగా కనబడతాయి. ఆ తర్వాత జబ్బు ముందుకే పోతుంది. ఆపగలిగేది తట్టు, రుబెల్లాలకు వేసే ఎంఆర్ టీకా ఒక్కటే: తొమ్మిది నెలలు నిండాక ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది. తప్పిపోయిన పిల్లలకు అయిదేళ్ళ దాకా వేయవచ్చు. టీకా వల్ల ఈ జబ్బు రాదు. ఈ జబ్బు పిల్లల మెదడులో దొరికేది టీకా వైరస్ కాదు, బయట తిరిగే తట్టు వైరస్. రెండో డోసు ఎవరికి తప్పుతుందో మీకూ తెలుసు. కనిగిరి, పామూరు వైపు నుంచి పనుల కోసం బిడ్డలతో వలసపోయే ఇళ్ళలో, ఇటుక బట్టీల దగ్గర, రొయ్యల గుంతల కాపలా గుడిసెల్లో, యానాదుల కాలనీల్లో, నల్లమల చెంచు గూడేల్లో. ఊళ్ళో లేరు అని రిజిస్టరులో రాసి వదిలెయ్యకుండా, ఎక్కడికి వెళ్ళారో ఆ ఊరి ఏఎన్‌ఎంకు ఫోన్ చేసి ఆ పేరు అప్పగించండి. వేపాకు మంచం మీద ఉన్న తట్టు బిడ్డకు విటమిన్-ఎ రెండు రోజులు వరసగా పడాలి, చుట్టుపక్కల టీకా పడని పిల్లల లెక్క ఆ వారమే తీయాలి.

అధికారులకు మా విన్నపాలు ఇవి. ప్రతి పీహెచ్‌సీలో, ప్రతి 108లో ఒక ఫిట్స్ పెట్టె ఉండాలి. మిడజోలమ్ స్ప్రే, గ్లూకోమీటర్, గడువు తీరని స్ట్రిప్పులు, 25 శాతం, 5 శాతం డెక్స్‌ట్రోజ్, డీఎన్‌ఎస్, మైక్రోడ్రిప్ సెట్, పిల్లల ఆక్సిజన్ మాస్కు, అంబూ బ్యాగు, 3 శాతం సెలైన్, సెఫ్ట్రియాక్సోన్, లెవెటిరాసెటమ్. మూత లోపల బరువును బట్టి డోసుల పట్టిక అంటించి ఉండాలి. ఫిట్స్ వస్తున్న బిడ్డ ముందు నిలబడి ఎవరూ గుణకారాలు చెయ్యలేరు. నెల మొదటి తారీఖున పెట్టె తెరిచి గడువులు చూసి సంతకం పెట్టాలి.

మగతగా ఉన్న బిడ్డను ఏ మండలం నుంచి ఏ ఆసుపత్రికి నేరుగా పంపాలో ముందే తేల్చి గోడ మీద రాయించండి. అక్కడ పిల్లల ఐసీయూ, రాత్రిపూట ఎమ్మారై రెండూ ఉండాలి. రెఫర్ కాగితం మీద జ్వరం మొదలైన రోజు, బిడ్డ చివరిసారి మామూలుగా ఉన్న వేళ, ఫిట్స్ ఎన్ని, ఎంతసేపు, ఏ మందు ఎంత ఏ గంటకు ఇచ్చారు, చక్కెర ఎంత, ఇంట్లో ఏ మందులు వాడారు అన్నవి రాయాలి. మిడజోలమ్ ఇచ్చిన గంట రాయకపోతే, తర్వాత చూసే వారికి ఆ నిద్ర మందు వల్లనా మెదడు వల్లనా అన్నది తెలియదు. తెలివి ఏ స్థాయిలో ఉందో నాలుగు మాటల్లో ఒకటి రాస్తే చాలు: మేలుకుని ఉన్నాడు, పిలిస్తే పలుకుతున్నాడు, గిల్లితేనే కదులుతున్నాడు, దేనికీ కదలడం లేదు. మూడో మాట, నాలుగో మాట రాసిన బిడ్డతో పాటు ఊపిరి గొట్టం వెయ్యగలిగిన మనిషి ఉండాలి.

బతికి ఇంటికి వచ్చిన బిడ్డ లెక్కలోంచి జారిపోకూడదు. మింగడం సరిగా రాని బిడ్డకు పడుకోబెట్టి పాలు పడితే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కూర్చోబెట్టి చెంచాతో, గడ్డం కాస్త కిందికి వంచి పట్టాలని తల్లికి డిశ్చార్జ్ కాకముందే చేసి చూపించాలి. ఫిజియోథెరపీ మొదటి మూడు నెలల్లో ఎక్కువ ఫలిస్తుంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే మండల భవిత కేంద్రానికీ, జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికీ పేరు డిశ్చార్జ్ రోజే వెళ్ళాలి, తల్లి వెతుక్కుంటూ పోయేదాకా ఆగకూడదు. ఇమ్యునోగ్లోబులిన్ కిలోకు 2 గ్రాములు ఎక్కించిన బిడ్డకు ఎంఆర్ టీకా 11 నెలలు వాయిదా వెయ్యాలి, లేకపోతే టీకా పట్టదు. ఎక్కువ మోతాదు స్టెరాయిడ్ అయితే ఆపాక కనీసం ఒక నెల. ఈ తారీఖును తల్లీబిడ్డల రక్షణ కార్డు మీద ఎర్ర సిరాతో రాయండి. వాయిదా పడిన టీకా మరిచిపోయిన టీకాగా మారేది ఇక్కడే.

వానలు మొదలయ్యేలోపు రెండు జిల్లాల్లోని ప్రతి పీహెచ్‌సీ డాక్టరుకూ, స్టాఫ్ నర్సుకూ ఒక పూట శిక్షణ పెట్టండి. బొమ్మ మీద స్ప్రే కొట్టించి, చుక్కలు లెక్కపెట్టించి, 10 శాతం డెక్స్‌ట్రోజ్ చేతులతో కలిపించాలి. నేర్పడానికి మేం వస్తాం. తారీఖు, చోటు చెబితే చాలు.

ఇట్లు,
నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పిల్లల వైద్యం చూస్తున్న డాక్టర్లు, నర్సులు, ఫిజియోథెరపిస్టులు